పసుపు పోగు

కిందటి వారం మునస్వామిని వీధి అరుగు మీద కోపంగా కూర్చోబెట్టి మనం వచ్చేశాం. “శ్రావణం దాటనియ్యను మే! ఆ లోపల మీ బావ మగ్గం మోగకపోతే రేణిగుంట సంబంధమే ఖాయం. పిల్లోడు రైలు స్టేషన్లో గుమాస్తా. నూలు రాలేదని నెత్తిన చేతులు పెట్టుకునే బతుకు కాదు” అని కూతురి ముఖానే చెప్పేశాడాయన. తల్లిలేని పిల్ల వసంతమ్మ. కండెలు చుట్టే రాట్నం మీద ఆమె చెయ్యి ఆగింది.

మునస్వామికి కోపం రావడంలో తప్పేమీ లేదు. యుద్ధం ముగిసి ఏడాది దాటినా, ఆ సాలెవీధికి నూలు మాత్రం తిరిగి రాలేదు. వారానికోసారి పుత్తూరు నుంచి వచ్చే కంట్రోలు నూలు సగం మగ్గాలకైనా చాలదు. కలిగినవాళ్ళు దొడ్డిదారిన తెచ్చుకుంటున్నారు, లేనివాళ్ళు పస్తులుంటున్నారు. అలాంటప్పుడు వీధి పెద్దరికం దేవరాజులు నెత్తిన పడింది. మునస్వామికి స్వయానా చెల్లెలి కొడుకు, వసంతమ్మకు చిన్ననాటి నుంచీ చెప్పుకున్న బావ. అతను ఎవరికీ నీతులు చెప్పలేదు. తన మగ్గం మీద దుప్పటి కప్పి, “నా వంతు నూలు పస్తులుండే గురవమ్మక్కకు పోతుంది. ఇంక మీరు ఆలోచించుకోండి” అన్నాడు. అంతే. మూడు మగ్గాల చెంగయ్య అంతటివాడు రెండు మగ్గాలు నిలిపేశాడు.

ఆ వీధిలో పెళ్ళికూతురి ముహూర్తం కోక పెళ్ళికొడుకు ఇంటి మగ్గం మీదే నెయ్యాలి. అంగడి కోక పనికిరాదు. పెళ్ళి పేరు చెప్పి ఇంటింటివాళ్ళూ సన్న నూలు అదనంగా అడగడం మొదలుపెడితే, దేవరాజులు దానికీ తానే ముందు నిలబడ్డాడు. “వీధిలో ప్రతి మగ్గం మీదా పడుగు పడేదాకా నా ఇంట పెండ్లి లేదు” అన్నాడు. దాంతో ఆడపిల్లల తండ్రులంతా తలలు వంచి పెళ్ళిళ్ళు ఆపుకున్నారు. చెంగయ్య కూడా తన కూతురు ఆనందమ్మ పెళ్ళి ఆపాడు. అందరూ దేవరాజులును పొగిడారు. ఆ మాట అనే ముందు వసంతమ్మను ఒక్క ముక్క అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

ఎదురెదురు ఇళ్ళు వాళ్ళవి. ఊరవతల ఉన్నవాడి కోసం ఎదురుచూడటం ఒక తీరు. వీధికవతల ఉన్నవాడి కోసం ఎదురుచూడటం అంతకంటే కష్టం. పొద్దున లేస్తే అతని తలుపు కనిపిస్తుంది, అతని చెప్పులు కనిపిస్తాయి, మనిషి మాత్రం దొరకడు. ఎవరింట్లో మగ్గం నిలిచిందో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో కనుక్కుంటూ తిరుగుతుంటాడు. ఒంటిపూట సంగటి తింటాడని అతని తల్లి సుబ్బులమ్మత్త చెప్పి కళ్ళు తుడుచుకునేది. వసంతమ్మకు అన్నిటికంటే బాధ ఆ మగ్గం మోగకపోవడమే. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ వింటున్న చప్పుడది. వీధిలో పాతిక మగ్గాలు ఆడుతున్నా బావ మగ్గం ఏదో కళ్ళు మూసుకుని చెప్పేది. రెండు దెబ్బలు గట్టిగా, మూడోది కాస్త మెత్తగా. ఆ మూడో దెబ్బ కోసం ఆమె ప్రాణం ఏడాదిగా కొట్టుకుంటోంది.

సరే, ఇక ఈ వారం సంగతికి వద్దాం.

గురువారం తెల్లవారుతుండగా వసంతమ్మ బావి నుంచి బిందెతో వస్తోంది. వీధి మొదట్లోనే కాళ్ళు ఆగిపోయాయి. మగ్గం చప్పుడు! అదీ సుబ్బులమ్మత్త ఇంట్లో నుంచి. బిందె సంకలో జారి సగం నీళ్ళు కోక మీద పడ్డాయి, పిల్లకు తెలియలేదు.

దెబ్బ కాస్త తడబడుతోంది. ఏడాదిపాటు ఎక్కని మగ్గం, చెయ్యి తడబడదా మరి? శ్రావణం దాటకముందే బావ తన ముహూర్తం కోక మొదలుపెట్టాడనుకుంది. పరుగెత్తి చూడాలనిపించింది. కానీ ముహూర్తం కోక మగ్గం మీద ఉండగా పెళ్ళికూతురు చూడకూడదంటారు. అత్త గడప దాకా వచ్చి, ద్వారబంధానికి చెయ్యి ఆనించి, చప్పుడు విని తన ఇంట్లోకి పోయింది. సిగ్గూ సంతోషమూ కలిసి, పొయ్యిలో పుల్లలకు బదులు చేటలోని రాగులు పొయ్యబోయింది. ఆ అదృష్టం కూడా నిండుగా లేదు. నాయన అప్పటికే మొదటి రైలు అందుకోవడానికి బయల్దేరిపోయాడు. రేణిగుంటవాళ్ళకు మాట ఇచ్చి వస్తానని రాత్రే చెప్పాడు. ఒక్క గడియ ఆగి ఉంటే ఈ చప్పుడు వినేవాడు కదా అని ఆమె ఉసూరుమంది. అయినా మనసు ఊరుకోలేదు. సాయంత్రం నాయన రాగానే చెయ్యి పట్టుకుని వీధిలో నిలబెట్టి వినిపిస్తే సరి, ఇచ్చిన మాటైనా వెనక్కి తీసుకుంటాడులే అనుకుంది. అనుకుని, రాట్నం ముందు కూర్చుని, చప్పుడుకు చప్పుడు కలుపుతూ కండెలు చుట్టింది. ఏడాదిలో ఆమె నవ్వుకుంటూ పనిచేసింది ఆ ఒక్క పూటే.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వీధిలో కేక వినబడింది.

“రాండప్పా రాండి! చెప్పేటివన్నీ శ్రీరంగనీతులు! మన మగ్గాలు నిలబెట్టి పెద్దాయన మగ్గం ఎట్ల ఆడతా ఉండాదో సూడండి!”

చెంగయ్య గొంతు. అతను ఊరికే అరిచే మనిషి కాదు. అరిస్తే ఊరికే ఆపే మనిషీ కాదు. ఒక్కో ఇంటి నుంచీ మనుషులు బయటికి వచ్చారు. వాళ్ళందరికీ పొద్దుటి నుంచీ ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. ఎవరికి వారు గొంతులో పెట్టుకుని మింగలేక కక్కలేక ఉన్నారు. చెంగయ్య కేకతో అందరూ కలిసి సుబ్బులమ్మ వాకిట్లోకి నడిచారు. వసంతమ్మ ఇంక ఆచారం చూడలేదు. వాళ్ళ వెనకే ఆమె కూడా గడప దాటింది.

మగ్గం గుంటలో కూర్చుని ఉన్నది బావ కాదు. అత్త.

కళ్ళు సరిగా కనిపించని ముసలావిడ, ముక్కు పడుగుకు ఆనించి, నాడెను ఒక చేతి నుంచి ఇంకో చేతికి విసురుతోంది. పక్కన చాప మీద ఎర్రటి కోక ఒకటి సగం విప్పేసి ఉంది. విప్పిన సగం నూలై కండెలకు ఎక్కింది. అది సుబ్బులమ్మ పెళ్ళినాటి కోక. పెట్టె అడుగున కర్పూరం వేసి దాచుకుని, చచ్చినప్పుడు కప్పమని చెప్పుకున్న కోక.

“అబ్బోడు రాత్రే నూలు తేను పుత్తూరికి పోయినాడు. వానికి తెలీదు. వాన్ని ఏమీ అనొద్దండి” అంది సుబ్బులమ్మ, లేవకుండానే. “శ్రావణం అయిపోతా ఉండాది. నా కోడల్ని రేణిగుంటోళ్ళు ఎత్తుకపోతారంట. నేను వీధి నూలు పోగైనా ముట్టలేదు చెంగయ్యా. నా కోక నేను విప్పుకుంటి. అడ్డం నేసే పేకంతా నాదే.”

ఆ మాటకు చెంగయ్య కూడా ఒక క్షణం తల దించుకున్నాడు. కానీ సాలెవాడి కన్ను సాలెవాడిదే కదా. ఆ కన్ను నేసిన జానెడు బట్ట దాటి, దాని వెనక గోడదాకా తెల్లగా సాగి ఉన్న నిలువు పోగుల మీదికి పోయింది.

“పేక నీది, ఒప్పుకుంటి అక్కా” అన్నాడు నెమ్మదిగా. “పడుగు ఎవురిది?”

అందరి కళ్ళూ అటే తిరిగాయి. సన్న నూలు, ఒక నిండు కోకకు సరిపడా పడుగు. అంచున ఒక్క పోగు పసుపుది. ముహూర్తం కోకకు పెళ్ళికూతురి పేర వేసే పోగు అది. ఆ పోగు వేశాక కోక పూర్తయ్యేదాకా ఎవరూ తెంపరు. పూర్తయ్యాక తెంపేది కూడా పెళ్ళికూతురే. మధ్యలో తెంపితే పెళ్ళి తెగుతుందని ఆ వీధిలో పసిపిల్లను అడిగినా చెబుతుంది.

దుప్పటి కింద ఖాళీ మగ్గం ఉందనే ఇన్నాళ్ళూ అందరూ అనుకున్నారు. దాని కింద ఒక కోక పడుగు నిద్రపోతోందని ఎవరికీ తెలియదు.

“మా ఇంట్లో దీపం లేని రాత్రులు గూడా ఇది ఈడనే ఉండిందా?” అంది గురవమ్మ. కోపంగా అనలేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

దేవరాజులు వచ్చేసరికి పొద్దు వాలింది. నూలు మూట నెత్తిన పెట్టుకుని, ఒంటి మీద దుమ్ముతో వాకిట్లో అడుగుపెట్టినవాడు, ఇంటి నిండా జనాన్నీ, గుంటలో తల్లినీ, తొలగిన దుప్పటినీ చూశాడు. మూట దించాడు.

“తప్పు మా అమ్మది గాదు, నాది” అన్నాడు. “మగ్గం నిలిపిననాడే ఈ పడుగు మీకు ఇచ్చేసుండాల. గురవమ్మక్క మగ్గం మీద వేసుంటే పది దినాలు పొయ్యి వెలిగుండును. విప్పబోతిని. చెయ్యి రాలేదు. పోగుకు పోగు నేనే అతికింది. కండ్ల ముందర లేకుంటే మరిచిపోతానులే అని దుప్పటి కప్పినా. మరిచిపోలేదు. మీకందరికీ ఆశ చంపుకోమని చెప్పి, నా ఆశ ఒకటి దాచిపెట్టుకున్నా.”

నిజం చెబుతున్నాను, ఆ మాటకు వసంతమ్మ గుండె సిగ్గులేకుండా ఎగిరింది. ఏడాదిగా ఆమెకు ఒకటే అనుమానం. ఈ మనిషికి వీధి తప్ప ఇంకేమీ పట్టదని, తనను చేసుకున్నా చేసుకోకపోయినా ఒకటేనని. ఇప్పుడు నలుగురి ముందూ అతను తలదించుకుని ఒప్పుకుంటున్న తప్పే తన మీద ప్రేమ. ఆ ప్రేమను చూసి మురవాలో, దానివల్ల గురవమ్మ ఇంట్లో ఆరిన పొయ్యిని తలచుకుని ఏడవాలో తెలియలేదు. రెండూ కలిసి కోపమై పైకి వచ్చింది.

“బావా!” అంది. ఆ గొంతు విని మగవాళ్ళు పక్కకు జరిగారు. “నేను రాయిని పెండ్లాడబోతా ఉండానని ఏడాదిగా ఏడస్తా ఉండా. ఒకనాడన్నా వచ్చి చెప్పరాదా?”

“చెప్పలేదు.”

“మగ్గం నీది. నిలుపుకున్నావు. సంగటి నీది. మానుకున్నావు. పెండ్లి నీ ఒక్కనిదేనా? సగం నాది గదా! నీ సగం వదులుకుంటే గొప్పోడివి. నా సగం గూడా నువ్వే వదిలేసి గొప్పోడివైతే ఎట్ల? నన్నొక మాట అడిగినావా?”

దేవరాజులు తల ఎత్తి ఆమెను చూశాడు. వీధికి పెద్దగా కాదు, చాలా రోజులుగా ఆకలిగా ఉన్న మనిషిగా చూశాడు.

“అడగాలంటే నీ మొగం సూడాల వసంతా. సూస్తే మాట మింద నిలబడలేనని బయం. అందుకే మీ గడప తొక్కలేదు. పొద్దుగూకితే ఈ గుంటలోనే వచ్చి కూసుంటా. ఆడ నీ రాట్నం తిరగతా ఉంటాది. అది ఆగేదాకా కూసోని, పోయి పండుకుంటా. ఇంతే నాకు తెలిసింది.”

ఆనందమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సుబ్బులమ్మ బయటికే ఏడ్చింది. ఆ ఏడుపుల మధ్య చెంగయ్య గొంతు సర్దుకున్నాడు. మనసు కరగలేదని కాదు. కరిగినా తన ఇంటి సంగతి తను చూసుకోవాలి కదా.

“సూడప్పా దేవరాజూ. నువ్వు నేసుకో. పాపం, నేసుకో. నేను అడ్డం రాను. నా బిడ్డ గూడా నీ మాట మింద ఏడాదిగా కూసోనుండాది. అమ్మ పెట్టదు, అడుక్కోనీదు అన్నట్టు అయిపాయ దాని గతి. నీ మగ్గం ఆడితే రేపు తెల్లారి నా మగ్గాలు మూడూ ఆడతాయి. నూలు యాడ తెచ్చుకునేదీ నేను సూసుకుంటా. అప్పుడు నన్నెవురూ ఏమీ అనగూడదు.”

అతను ఏమన్నాడో అందరికీ అర్థమైంది. చెంగయ్య మగ్గాలు ఆడితే ఎదుటివాడివి ఆడతాయి. ఎవరికి వారు దొడ్డిదారి వెతుకుతారు. దారి తెలియని గురవమ్మ లాంటివాళ్ళు కూలికో, గంజికో ఊరొదిలిపోతారు. ఏడాదిగా వీధి ఒక్క పొయ్యి మీద బతికింది. అది ఈ ఇంట్లో ఆరితే ఊరంతా ఆరినట్టే.

“పడుగు గురవమ్మక్క మగ్గానికి పోతుంది” అన్నాడు దేవరాజులు.

“నాకొద్దు నాయనా, నీకు దండం పెడతా” అని గురవమ్మ వెనక్కి జరిగింది. “పసుపు పోగు తెంపిన పడుగు నేసి ఆ పాపం నేను మోయలేను. పస్తైనా ఉంటా గానీ ఒక ఆడబిడ్డ పెండ్లి తెగ్గొట్టి అన్నం తినను.”

అప్పుడు దేవరాజులు గుంట పక్కన కూలబడ్డాడు. కూలబడి, ఏడాది ఆలస్యంగా, అడగాల్సిన మాట అడిగాడు.

“ఈసారి నిన్ను అడగతా ఉండా వసంతా. నువ్వు నెయ్యమంటే నేస్తా. వీధి పెద్దరికం ఇప్పుడే చెంగయ్య మామకు ఇచ్చేస్తా. నిన్ను రేణిగుంటోళ్ళకు పోనియ్యను. నువ్వు వద్దంటే...”

వసంతమ్మ మగ్గం దగ్గరికి వచ్చింది. చూడకూడదన్న కోకను నిండుగా చూసింది. తెల్లటి పడుగు మీద అత్త ఎర్రటి పేక. జానెడే అయినా ఎంత బాగుంది! దాన్ని కట్టుకుని తిరుచానూరు గుడిలో అతని పక్కన నిలబడిన తను కళ్ళ ముందు కనిపించింది. నెయ్యమను, నెయ్యమను అని ప్రాణం మొత్తుకుంది. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరే ఉంది.

పక్కకు చూస్తే ఆనందమ్మ కనిపించింది. ఆ పిల్ల కూడా ఆ కోకనే చూస్తోంది. ఏడాదిగా తను ఎట్లా చూస్తూ ఉందో అట్లాగే.

“అత్తా, కత్తెర ఇట్లియ్యి.”

“వద్దు బిడ్డా!” అని సుబ్బులమ్మ కత్తెర మీద చెయ్యి వేసింది. “చేజేతులా తెంపుకోవద్దు తల్లీ. నేను కోక విప్పింది ఇందుకా?”

“నువ్వు నీ కోక విప్పినావు. బావ అన్నం మానినాడు. అందరూ ఏదో ఒకటి ఇస్తిరి. నా దగ్గరినించి మాత్రం అందరూ తీసుకుంటిరి, నేను ఇచ్చింది ఏమీ లేదు. ఇది నేను ఇస్తా ఉండా.” ఆమె కత్తెర అందుకుని గురవమ్మ వైపు తిరిగింది. “గురవమ్మక్కా, పాపమో పుణ్యమో నాది. నువ్వు నేసి అన్నం తిను.”

ఆమె ముందు పసుపు పోగే తెంపింది. మిగతావి దాని వెంట తెగాయి. దేవరాజులు గుంటలోకి దిగి, వదులైన పడుగును పోగు చిక్కుపడకుండా చుట్టడం మొదలుపెట్టాడు. ఒక కొస వసంతమ్మ పట్టుకుంది. చుట్టుకుంటూ చుట్టుకుంటూ అతని చేతులు ఆమె చేతుల దాకా వచ్చాయి. ఒక్క క్షణం అక్కడే ఆగాయి. పెళ్ళిలో పట్టుకోవాల్సిన చెయ్యి అట్లా ముట్టుకుని, వదిలేశాడు. గురవమ్మ కొంగు పట్టి ఆ పడుగును అందుకుని కళ్ళకు అద్దుకుంది. చెంగయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “నా మూడో మగ్గం గూడా నిలుపుతా లేప్పా” అని గొణిగాడు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

“ఏందబ్బా, పెండ్లింటికి అప్పుడే జనం చేరినట్టుండాదే!”

మునస్వామి! ఒక చేతిలో కొబ్బరికాయ, ఇంకో చేతిలో ఆకులో చుట్టిన పూలు. ఏడాదిగా ఎవరూ చూడని నవ్వు ఆయన ముఖాన. రేణిగుంటవాళ్ళ తాంబూలం తెచ్చాడేమో అనుకుంది వసంతమ్మ.

“తెల్లారి పోతా పోతా ఇన్నానబ్బా దేవరాజూ నీ మగ్గం సద్దు! వీధి మొగదల నిలబడి, కడుపు నిండా ఇన్నాను. రేణిగుంటోళ్ళ ఇంటికి పోయి, అయ్యా తప్పైపోయింది, మా పిల్లకు మేనరికమే కుదిరింది అని దండం పెట్టేసినా. వాళ్ళు నాలుగు మాటలన్నారు, పడినా. ఆడినించి నేరుగా తిరుచానూరికి పోయి ముహూర్తం పెట్టించినా. వచ్చే వారం శుక్రవారమే. దారిలో తెలిసినోళ్ళందరికీ చెప్పుకుంటా వచ్చినా.” చెల్లెలి వైపు తిరిగి, “ఏమ్మా సుబ్బులూ, కోక ఎంత దూరం వచ్చింది? నా బిడ్డ కోక నన్ను సూడనీ” అన్నాడు.

వసంతమ్మే ముందుకు వచ్చి, చేతిలోని జానెడు గుడ్డను తండ్రి ముందు పట్టుకుంది.

“ఇంతే నాయనా. మిగతాది నేనే తెంపినా.”

మునస్వామి కొబ్బరికాయ కింద పెట్టాడు. గుడ్డను అందుకుని, తెగిన అంచును వేలితో తడిమాడు. గురవమ్మ చేతుల్లోని పడుగునూ చూశాడు. సాలెవాడికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. నవ్వు పోయిన ముఖంతో మేనల్లుడి ముందుకు పోయి నిలబడ్డాడు.

“వచ్చిన సంబంధం పోయింది. ముహూర్తం నిలిచుండాది. కోక లేదు. వీధిలో ప్రతి మగ్గం మిందా పడుగు పడేదాకా పెండ్లి లేదని నువ్వు పెట్టుకున్న మాట ఉండాది. నా బిడ్డ ఇయ్యగలిగింది ఇచ్చేసింది దేవరాజూ. శుక్రవారం నాడు నువ్వు ఆ మాటనే పట్టుకోనుంటావా, దీని చెయ్యి పట్టుకుంటావా?”